పెద్దగరిట నాలుక

బట్టలు కుట్టే ఆ కంపెనీలో వంటావిడకి ఒక పేరు ఉండే ఉంటుంది. ఎవరూ దాన్ని వాడిన పాపాన పోలేదు. అందరికీ ఆమె పెద్దగరిట. చేతిలో గరిటె పెద్దదని మొదట్లో అన్నారు. పోనుపోను ఆమె మాట కూడా పెద్దదైపోయింది కనక ఆ పేరే ఖాయమైంది. ఎదురుగా ఉంటే కుట్టేవాళ్లు అత్తా అంటారు, కాజాలు తీసే ఆడపిల్లలు పెద్దమ్మా అంటారు, మేనేజరు ఏమ్మా అంటాడు. అటు తిరిగితే మళ్లీ పెద్దగరిటే.

అక్కడ ఒక పద్ధతి ఉంది. మధ్యాహ్నం గంట కొట్టగానే అందరూ పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడతారు, కానీ ఎవరూ వడ్డించుకోరు. ముందు పెద్దగరిట తన పళ్లెంలో అన్నం, కూర పెట్టుకుని, గుండిగల పక్కన స్టూలు మీద అందరికీ ఎదురుగా కూర్చుని నాలుగు ముద్దలు తింటుంది. తిని, "రండి" అంటుంది. అప్పుడు వరస కదులుతుంది. ఎప్పుడో ఒకసారి కుళ్లిన కూరగాయలు వండుతున్నారని గొడవై పనివాళ్లు తిండి మానేస్తే, ఆమె పంతం కొద్దీ అందరి ముందూ కూర్చుని తిని చూపించింది. గొడవ సద్దుమణిగింది, తినడం మిగిలిపోయింది. ఆచారాలు చాలావరకు ఇలాగే పుడతాయి. ఒకరోజు అవసరం, మర్నాటి నుంచి భక్తి. భక్తి మొదలయ్యాక ఎవరి నాలుకతో వాళ్లకి పనుండదు.

ఇంతమంది నమ్ముకున్న ఆ నాలుక రెండేళ్లుగా పనిచెయ్యడం లేదు. ఒక జ్వరం వచ్చి తగ్గింది, తగ్గుతూ తగ్గుతూ రుచినీ వాసననీ వెంట తీసుకుపోయింది. వారం ఆగితే వస్తుందనుకుంది. నెల ఆగితే వస్తుందనుకుంది. ఆ తర్వాత అనుకోవడం మానేసింది. నోట్లో పెట్టుకున్నది వేడిగా ఉందా చల్లగా ఉందా, మెత్తగా ఉందా గట్టిగా ఉందా, అంతవరకే తెలిసేది. కారం ఎక్కువైతే కళ్లలో నీళ్లు తిరిగేవి, అంతే. ఉల్లిపాయ వేగింది రంగు చూసి, నీళ్లు సరిపోయాయని ఉడుకు చప్పుడు విని, ఉప్పు పిడికిలి లెక్కన వేసి నెట్టుకొచ్చింది. మొదట్లో పిడికిలి మోసం చేసింది. "ఉప్పు డబ్బాకి చిల్లుపడిందా అత్తా?" అని కటింగ్ మాస్టరు అడిగితే నవ్వేసి ఊరుకుంది.

చెప్పేస్తే పోయేది కదా అని అడిగేవాళ్లుంటారు. అలా అడిగేవాళ్లకి సాధారణంగా సొంతిల్లు ఉంటుంది. ఆమెకి ఉన్నది వంటింటి వెనక ఒక గది, అది పొయ్యితో పాటు వచ్చింది, పొయ్యితో పాటే పోతుంది. మొగుడు పోయాక కూతురు చెయ్యి పట్టుకుని ఆ గదిలోకి వచ్చింది. కూతురు పెద్దదై అదే కంపెనీలో కాలర్లు కుడుతోంది. రుచి తెలియని వంటావిడ అంటే చూపు లేని డ్రైవరులాంటిది. ఎంత మంచిదైనా బండి ఎవరిస్తారు?

కూతురికి మాత్రం తెలిసింది. ఒకనాడు తల్లి విరిగిపోయిన పాలు గ్లాసుడు మొహం చిట్లించకుండా తాగేయడం చూసింది. మర్నాడు టీ టైములో వంటింటి వెనక తలుపు తోసుకుని వచ్చి, గరిటె అంచున వేలు పెట్టి నాకి, "ఉప్పు" అంది. ఇంకోరోజు "కారం చాలు" అంది. మరోరోజు "దించెయ్" అంది. అలా రోజూ వచ్చేది, ఒక్క మాట అని పోయేది. వింతేమిటంటే కూతురు నాలుక తల్లి నాలుక కంటే పదునైనది. వంట ఇంకా బాగుపడింది. "ఈ వయసులో కూడా ఏం నాలుకత్తా నీది" అని మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పు విన్నప్పుడల్లా ఆమెకి ఇంకో తాళం పడినట్టుండేది.

వంటింటి వెనక గిన్నెలు కడిగిన నీళ్లు పారే చోట ఆ ఏడు ఒక సొరతీగ దానంతటదే పడి మొలిచింది. గేటు దగ్గర కాపలా ఉండే ముసలాయన, అందరూ గేటు తాత అంటారు, దాన్ని చూసి మురిసిపోయాడు. తాడు కట్టి గోడ మీదికి పాకించాడు. విత్తనం ఎవరూ వెయ్యలేదు, ఎరువు ఎవరూ పెట్టలేదు, కాయలు మాత్రం మోచేతంత దిగాయి. గేటు దాటే ప్రతివాడికీ ఆ తీగ గురించి చెప్పేవాడు. అసలే సొరకాయలు కోయడంలో ఆయన దిట్ట, ఇప్పుడు నిజం సొరకాయలు కూడా దొరికాయి.

కోతకి రాగానే బుట్టెడు కాయలు తెచ్చి వంటింట్లో దించాడు.

"నా చేత్తో పెంచినవమ్మాయ్. ఇవాళ ఇవే వండు. కంపెనీ అంతా నా పేరు చెప్పుకోవాలి."

"నీ పేరెవరికి తెలుసు బాబాయ్?"

"సరే, తాత పేరు చెప్పుకోవాలి. ముందు ఒక ముక్క రుచి చూడు."

సొరకాయ కోసేవాళ్లు ముందు ఒక ముక్క కొరికి చూస్తారు. వెయ్యి కాయల్లో ఒకటి చేదుది వస్తుంది, దాన్ని అవతల పారేస్తారు. ఆమె కూడా చాకుతో పలచగా ముక్క కోసి కొరికింది, నమిలింది, మింగింది. ముసలాయన ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"వెన్నలా ఉంది బాబాయ్," అంది.

ఆయన ఛాతీ విరుచుకుని గేటు దగ్గరికి పోయాడు. ఎలాగూ కూర ఉడికాక కూతురు వచ్చి చూస్తుంది కదా అన్నది ఆమె ధైర్యం.

కూతురు రాలేదు. ఏదో సరుకు సాయంత్రానికల్లా లారీ ఎక్కాలట. సూపర్‌వైజరు టీ ఆపేసి, ఎవరూ లేచి తిరగకుండా కుట్టే హాలు తలుపుకి లోపలినుంచి గడియ వేసి దాని ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పెద్దగరిట వెనక తలుపు వంక చూస్తూ కూర కలుపుతూనే ఉంది. ముక్క ఉడికింది, ఇంకా ఉడికింది, చితికే దాకా వచ్చింది. గిన్నెలు కడిగే మనిషి పక్కనే ఉంది. "కాస్త రుచి చూడవే" అంటే చూసేది. కానీ ఇన్నేళ్లలో ఎవరినీ అలా అడిగింది లేదు. అబద్ధం పాతబడ్డాక మామూలు మాట కూడా సాక్ష్యంలా వినిపిస్తుంది. నోటిదాకా వచ్చిన మాటని మింగేసి పొయ్యి ఆర్పింది.

గంట కొట్టారు. ఆమె స్టూలు మీద కూర్చుని నాలుగు ముద్దలు తిని "రండి" అంది.

మొదటి పళ్లేల వాళ్లు తినడం మొదలుపెట్టారు. ఒకరి మొహం ముడుచుకుంది. ఇంకొకరు నీళ్లు తాగారు. అందరూ ఆమె వంక చూశారు. ఆమె తింటూనే ఉంది. కటింగ్ మాస్టరు ఉండబట్టలేకపోయాడు.

"అత్తా, కాస్త చేదుగా లేదూ?"

ఆమె ఇంకో ముద్ద తీసుకుని నిదానంగా నమిలింది.

"తీగ మీంచి కోసిన కాయ కదరా, కాస్త వగరుంటుంది. ఒంటికి మంచిది."

అంతే. చేదు ఒంటికి మంచిదని మనకి ఎవరు నేర్పారో గాని, వాణ్ని పట్టుకుని ఆ రోజు ఆ వరసలో నిలబెట్టాల్సింది. "రక్తం శుభ్రపడుతుంది" అన్నారొకరు. "మా నాయనమ్మ రోజూ చేదు తాగేది, తొంభై ఏళ్లు బతికింది" అన్నారొకరు. "చేదు కాదు, మీ ఆవిడ వంట తిని తిని నీ నోరు చెడింది మాస్టారూ" అని వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వుతూ తిన్నారు.

కాలర్ల వరసని ఆఖర్న వదిలారు. కూతురు వచ్చి వడ్డించుకుని ఒక ముద్ద పెట్టుకుంది. పెట్టుకుని తల ఎత్తి తల్లి వంక చూసింది. తల్లి కనుబొమలు ఎత్తి, ఎలా ఉంది అన్నట్టు చూసింది. చుట్టూ అంతమంది ఉన్నారు. ఊసేస్తే తల్లి ఏం తిన్నట్టు, ఏం చెప్పినట్టు? కక్కలేక మింగలేక అంటారే, ఆ మాటకి ఇంతకంటే కచ్చితమైన అర్థం దొరకదు. మింగింది. బాగుందన్నట్టు తల ఊపింది. తర్వాత తల్లి చేతిలో పళ్లెం లాక్కుంది. "నీకు గుండిగల దగ్గర పనుంది కదా, ఇటివ్వు, నాకు ఆకలేస్తోంది" అని అది కూడా ఊడ్చేసింది.

మిషన్లు మళ్లీ తిరగడం మొదలైన కాసేపటికే ఒకమ్మాయి బట్టల మీదే కక్కింది. పక్కనున్న మనిషి ఆమెని పట్టుకోబోయి తనూ కూలబడింది. హాలు చివర మరుగుదొడ్ల ముందు కడుపులు పట్టుకుని మనుషులు నేల మీద కూర్చున్నారు. తిండి గంటకి తప్ప పొద్దుటినుంచి ఎవరికీ తియ్యని గడియ అప్పుడు తీశారు. సరుకు కోసం వచ్చిన లారీలోనే కొందరిని ఆస్పత్రికి చేర్చారు.

ఆడవాళ్ల వార్డులో తల్లీకూతుళ్లకి పక్కపక్కన మంచాలు దొరికాయి. ఇద్దరికీ సెలైన్లు. కూతురికి విరేచనంలో రక్తం పడుతోంది, బీపీ పడిపోయిందని నర్సు మాటిమాటికీ వచ్చి చూస్తోంది. ఎవరి ప్రాణాలూ పోలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే అసలు కష్టం అది కాదు.

నర్సు సూది సరిచేస్తూ విసుక్కుంది. "సొరకాయ చేదెక్కితే విషమమ్మా. పడి మొలిచిన తీగల్లో అడవి రకంతో కలిసి కాయ అలా మారుతుంది. ఉడికించినా పోదు. దానికున్న గుర్తల్లా చేదే. నోట్లో పెట్టగానే ఊసెయ్యాలి. ఇంతమందిలో ఒక్కరికీ ఊసే బుద్ధి పుట్టలేదా?"

"మా పెద్దమ్మ తిన్నది," అంది ఎదురు మంచం మీది కాజాల పిల్ల. అదే జవాబు అన్నట్టు చెప్పింది.

అప్పుడే మేనేజరు వచ్చాడు. మంచాల మధ్య నిలబడి అందరినీ పలకరించి, పెద్దగరిట దగ్గర ఆగాడు.

"భయపడకమ్మా, నీ మీద ఎవరికీ అనుమానం లేదు. ఆ ముసలాడి గదిలో నల్లుల మందు డబ్బా దొరికింది. అదే తీగ మీద కొట్టి ఉంటాడు, లేదా కావాలనే కలిపాడు. గదిలో పెట్టి తాళం వేశాం. సాయంత్రం పోలీసులొస్తున్నారు."

"కాయ చేదెక్కిందట సార్. నర్సమ్మ చెప్తోంది."

"చేదైతే నీకు తెలియదా? నీ నాలుకని దాటి పోతుందా? నువ్వు తిని బాగుందన్నావంటే కాయ మంచిదే. అంటే ఇది రుచి తెలియని మందు. లెక్క తేలిపోయిందిగా."

లెక్క నిజంగానే తేలింది. ఒక్క అబద్ధాన్ని నిజమనుకుంటే మిగతావన్నీ చక్కగా కూర్చుంటాయి. ఆమె నాలుక ఎంత గొప్పదైతే ముసలాయన అంత దోషి. మేనేజరు డాక్టరుతో మాట్లాడ్డానికి వెళ్లాడు.

కూతురు ఇటు తిరిగి పడుకుంది. గొంతు తగ్గించి, "నువ్వేం చెప్పకు," అంది.

"ముసలాణ్ని జైల్లో వేస్తారే."

"తాతకి ఇంకో గేటు దొరుకుతుంది. నీకు ఇంకో పొయ్యి దొరుకుతుందా?"

"చేదని నీకు తెలిసిందా?"

కూతురు కళ్లు మూసుకుంది. "తెలిసే నీ పళ్లెం లాక్కున్నాను."

తల్లి పైకి చూస్తూ పడుకుంది. సెలైన్ బొట్టు తర్వాత బొట్టు దిగుతోంది. చేతికి సూది, సూదికి గొట్టం, గొట్టానికి స్టాండు. లేచి ఎక్కడికైనా పోదామన్నా ఆ స్టాండుని ఈడ్చుకునే పోవాలి. తను చెబితే పొయ్యి పోతుంది, గది పోతుంది. చెప్పకపోతే తాళం వేసిన గదిలోంచి ముసలాయన తిన్నగా ఇంకో తాళం వెనక్కి పోతాడు. పొద్దున "వెన్నలా ఉంది బాబాయ్" అన్నది తనే. ఆయన్ని నమ్మించింది తనే.

మేనేజరు తిరిగి వస్తుంటే పిలిచింది.

"సార్, నాకు రుచి తెలీదు. రెండేళ్లయింది. చేదు తెలీదు, ఉప్పు తెలీదు, ఏదీ తెలీదు."

మేనేజరు నవ్వాడు, చాలా ఆప్యాయంగా నవ్వాడు. "ముసలాణ్ని కాపాడ్డానికి నీ మీద వేసుకుంటున్నావా? నీ మంచితనమే నిన్ను ముంచుతుందమ్మా." పక్క మంచాల వాళ్లు కూడా తలలూపారు. "ఎంత మనసు పెద్దమ్మా నీది," అంది కాజాల పిల్ల, కళ్లు తుడుచుకుంటూ.

ఆమె రెండోసారి చెప్పింది. ఇంకా గట్టిగా చెప్పింది. ఎంత గట్టిగా చెబితే అంత గొప్పదైపోతోంది. చివరికి నర్సుకి చిరాకేసింది. మందుల బల్ల దగ్గరికెళ్లి చలిజ్వరానికిచ్చే కటిక చేదు మాత్ర ఒకటి చిదిపి కాగితం మీద తెచ్చింది.

"మీరు కాస్త వేలితో అద్ది నాలుక మీద వేసుకోండి సార్."

మేనేజరు వేసుకున్నాడు. మరుక్షణం వాష్‌బేసిన్ దగ్గరున్నాడు. నర్సు అదే పొడి పెద్దగరిట నాలుక మీద వేసింది. ఆమె నోరు మూసుకుని, మింగకుండా, చప్పరించకుండా, అందరి వంకా చూస్తూ పడుకుంది. కనురెప్ప కూడా కదల్లేదు. తర్వాత నర్సు పట్టిన గిన్నెలో ఊసి, "మెత్తగా ఉంది," అంది.

మేనేజరు మూతి తుడుచుకుంటూ వచ్చాడు. ఈసారి ఆప్యాయత లేదు.

"మరి ఇన్నాళ్లూ వంట ఎలా కుదిరింది?"

ఆమె ఇది ఆలోచించలేదు. ఒక తాళం తీశాననుకుంటే దాని వెనకే ఇంకోటుంది. "అలవాటు మీద," అంది.

"అలవాటు మీద ఇంతమందికి ఉప్పు సరిపోయిందా?" ఆయన చూపు పక్క మంచం మీదికి మళ్లింది. "నువ్వు కూడా తిన్నావు కదమ్మాయ్. నీకూ చేదు తెలియలేదా?"

"దాన్నడక్కండి సార్, ఒళ్లు బాగాలేదు."

"తెలిసింది," అంది కూతురు. "రోజూ రుచి చూసేది నేనే. ఇవాళ తలుపు వేశారు, రాలేకపోయాను. తిన్నాక తెలిసింది. చెప్పలేదు."

కాజాల పిల్ల మోచేతి మీద లేచింది. "నేను నీ పక్కనే కూర్చున్నాను కదే. నేను రెండోసారి వడ్డించుకుంటుంటే చూశావు కూడా. చెప్పకపోయినా, కాలు తగిలినట్టు ఆ గుండిగ బోర్లిస్తే సరిపోయేదిగా?"

"సరిపోయేది," అంది కూతురు. "ఆ ఆలోచన ఇక్కడ పడుకున్నాక వచ్చింది."

సాయంత్రం గేటు తాత గది తాళం తీశారు. ఆయన బయటికి వచ్చి ఎవరికీ దండం పెట్టలేదు. నా కాయ చేదంటారా అని ఇంకా వాదిస్తూనే ఉన్నాడు. తీగ దగ్గరికెళ్లి ఒక ముక్క కొరికాడు. అది ఊసి, తీగని కుదురుతో సహా పీకేసి, ఆ రోజుకి మాట్లాడ్డం మానేశాడు.

పెద్దగరిటని గెంటెయ్యలేదు. పొయ్యి దగ్గర కొత్త మనిషిని పెట్టి, ఆమెని గిన్నెల దగ్గరికి పంపారు. అప్పటిదాకా గిన్నెలు కడిగే మనిషికి కూరగాయలు తరిగే పనిచ్చారు. గది ఉండనిచ్చారు. పనివాళ్లు మేనేజరు దగ్గరికి పోయి, నిజం ఒప్పుకున్న మనిషిని పంపేస్తే మిషన్ ఎక్కం అన్నారట. ఇంతవరకు బాగానే ఉంది.

కొన్ని వారాలకి జుట్టు ఊడటం మొదలైంది. ఆ చేదు ఎక్కువ తిన్నవాళ్లకి అలా కూడా అవుతుందట. కాజాల పిల్లకి దువ్వెన పెడితే కుచ్చులుగా వస్తోంది. ఆమె ఆ జుట్టంతా ఉండచుట్టి తెచ్చి కూతురి మిషన్ మీద, సూది పక్కన పెట్టింది. మర్నాడు ఇంకొకరు పెట్టారు. ఆ రోజు హాలు తలుపుకి గడియ వేసిన సూపర్‌వైజరు అదే హాల్లో కుర్చీలో కూర్చునే ఉన్నాడు. ఆయన బల్ల మీద ఎవరూ ఏమీ పెట్టలేదు. కూతురికి అందరికంటే ఎక్కువ ఊడింది, తల మీద చర్మం కనిపిస్తోంది. ఆమె తన జుట్టు ఎవరి బల్ల మీద పెట్టాలో తెలియక గుడ్డ కట్టుకుని కాలర్లు కుట్టింది.

మధ్యాహ్నం గిన్నెల దగ్గరికి ఆడవాళ్లు పళ్లేలు తెచ్చి వేస్తూ పెద్దగరిటని పలకరించేవాళ్లు. "నీలాంటి మనిషి కడుపున అలాంటిది ఎలా పుట్టింది పెద్దమ్మా?" అని ఒకరోజు కాజాల పిల్ల అనేసింది.

పెద్దగరిట చేతిలో పళ్లెం తొట్టిలో పడేసి లేచింది. "తెలియకుండా పెట్టినదాన్ని నేను. పెట్టడమే కాదు, ఒంటికి మంచిదని చెప్పి తినిపించాను. అది చెప్పకపోవడానికి కారణం నేను. దాన్ని తిట్టే నోటితో నన్ను పొగిడారంటే ఊరుకోను."

ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరికీ కోపం రాలేదు. కాజాల పిల్ల ఆమె తడి చెయ్యి పట్టుకుంది.

"కన్నతల్లివి కదా పెద్దమ్మా. వెనకేసుకు రాకుండా ఎలా ఉంటావు? మాకు అర్థమైందిలే."

వాళ్లు వెళ్లాక కూతురు తన పళ్లెం తెచ్చి తొట్టి అంచున పెట్టింది. గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నట్టుంది.

"ఇంక నా గురించి చెప్పకమ్మా. నువ్వు నోరు తెరిచిన ప్రతిసారీ నీకో మెట్టు పెరుగుతోంది, నాకో మెట్టు తరుగుతోంది."

"మరి ఏం చెయ్యమంటావే?"

కూతురు కాసేపు నిజంగానే ఆలోచించింది. అంతలో మిషన్ల గంట కొట్టారు. తలగుడ్డ బిగించుకుని హాల్లోకి వెళ్లింది.